పంచాంగాన్ని ఆకాశంతో సరిచూసిన చింతామణి రఘునాథాచారి



కెమిస్ట్రీ పుణ్యమా అని జాన్ డాల్టన్ మనందరికీ తెలుసు. ఆయన పరమాణు సిద్ధాంతం రాసి మార్కులు తెచ్చుకున్నాం కానీ ఆయన బతుకు మాత్రం సిలబస్‌లో లేదు. డాల్టన్ ఇంగ్లండులో ఒక నేతగాని కొడుకు. క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినవాడు. అధికార చర్చిని ఒప్పుకోనివాళ్లకు ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు డిగ్రీ ఇచ్చేవి కావు. పన్నెండేళ్లకే బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, సైన్సు చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. 1787లో మొదలుపెట్టిన వాతావరణం డైరీని 1844లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషి మన వైపు ఎవరైనా ఉన్నారా అని వెతికితే నాకు దొరికిన పేరు చింతామణి రఘునాథాచారి. అప్పట్లో మన చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ మద్రాసులో, నుంగంబాకంలోని అబ్జర్వేటరీలో ఆయన 1840లలో చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరాడు. మద్రాసు యూనివర్సిటీ పుట్టిందే 1857లో. కాబట్టి ఆయనకు కాలేజీ పట్టా అనే మాటే లేదు. సంప్రదాయ జ్యోతిష గణితం తెలిసిన పండితుడు, టెలిస్కోపు దగ్గర కూర్చుని కొత్త ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. అధిపతి నార్మన్ పాగ్సన్ దగ్గర మొదటి సహాయకుడి స్థాయికి ఎదిగాడు.

ఆ ఉద్యోగంలో పని ఏమిటంటే, ఒక్కో నక్షత్రం సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖను దాటే క్షణాన్ని గడియారంతో పట్టుకోవడం. ఆ టైమును బట్టి, అది దాటే ఎత్తును బట్టి ఆకాశంలో దాని స్థానం తేలుతుంది. ఇలా వేల నక్షత్రాలు, ఏళ్ల తరబడి. ఆ ఓపికకు ఫలితం 1867లో వచ్చింది. దక్షిణాకాశంలో ఒక నక్షత్రం వెలుగు మారుతూ ఉందని ఆయన గుర్తించాడు. దాన్నే ఇప్పుడు ఆర్ రెటిక్యులై అంటున్నాం. సుమారు తొమ్మిది నెలలకొకసారి అది పెరిగి తరుగుతుంది.

మరుసటి ఏడాది, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా పోయింది. పాగ్సన్ మచిలీపట్నం వెళ్తే, రఘునాథాచారి మరో బృందంతో వనపర్తి వెళ్లాడు. అదే గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. ఆనాటి వర్ణపటాల నుంచే హీలియం కథ మొదలైంది. 1872లో రఘునాథాచారి లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

ఇంతవరకు ఇది ఒక మంచి ఉద్యోగి కథ. నన్ను పట్టేసింది మాత్రం ఆయన పంచాంగం జోలికి పోవడం.

మాది ఐరాల. ప్రతి ఏడూ ఏదో ఒక పండగకి "పండగ ఈ పొద్దా రేపా, సామీ?" అని పూజారిని అడిగే ఊరు. ఆ తికమక ఎందుకొస్తుందో కాస్త లెక్క వేద్దాం. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. 360 డిగ్రీలకు 30 తిథులు. సగటున చూస్తే ఆ కోణం గంటకు దాదాపు అర డిగ్రీ పెరుగుతుంది. అంటే చంద్రుడి స్థానంలో అర డిగ్రీ తేడా వస్తే తిథి గంట జరుగుతుంది. తిథి సూర్యోదయానికి దగ్గర్లో ముగిసేదైతే ఆ గంటతోనే పండగ రోజు మారిపోవచ్చు.

పాత సిద్ధాంత గ్రంథాలు గొప్పవే. కానీ ఏ పట్టికలోనైనా చిన్న తేడా ఉంటే శతాబ్దాలు గడిచేకొద్దీ అది పేరుకుపోతుంది. మన భాషలో చెప్పాలంటే క్యాలిబ్రేషన్ చేయని మీటరు. పెద్దలు కూడా అప్పుడప్పుడూ ఆకాశం చూసి లెక్క దిద్దుకోమనే చెప్పారు. కంటికి కనబడేదానితో సరిపోయే లెక్కకు దృగ్గణితం అని పేరు. రఘునాథాచారి ఆ పద్ధతిలో పంచాంగం తెచ్చాడు. సంప్రదాయవాదులు ఒప్పుకోలేదు. ఆయన సంప్రదాయాన్ని వదిలి బయటికి రాలేదు, లోపల ఉండే వాదించాడు. అందుకే ఆ పని ఇంకా కష్టం.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం కొలవడానికి ప్రపంచమంతా ఎదురుచూసిన రోజది. విశాఖపట్నంలో ఎ.వి. నరసింగరావు తన సొంత అబ్జర్వేటరీ నుంచి దాన్ని చూశాడు. రఘునాథాచారి అయితే ఆ రోజు రాకముందే, జరగబోయేదేమిటో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లీషుతో ఆగలేదు. కన్నడం, ఉర్దూ లాంటి దేశభాషల్లోకీ తెచ్చాడు. 1880లో ఆయన పోయాడు.

మనం తెలుగు క్లబ్బులో కథలు, కవితలు రాస్తాం. సబ్జెక్టు మాత్రం ఇంగ్లీషులోనే వదిలేస్తాం. మనం చదివింది మన ఇంట్లోవాళ్లకు మన మాటల్లో చెప్పలేకపోతే, పండగ ఎప్పుడనే చిన్న ప్రశ్నకు కూడా మన చదువు అక్కరకు రాదు.

ఒక పని చేద్దాం. ఈసారి మనకు కనబడే చంద్రగ్రహణం వచ్చినప్పుడు నీడ పట్టిన టైము, విడిచిన టైము ఫోనులో రాసుకోండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్య టైము తీయండి. పౌర్ణమి తిథి ముగిసేది కాస్త అటూఇటూగా అప్పుడే. ఆ టైమును ఒక దృగ్గణిత పంచాంగంతో, ఒక పాత పద్ధతి పంచాంగంతో పోల్చండి. ఏది ఎంత దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. ఆ ఫలితాన్ని తెలుగులో ఒక పేజీ రాసి పంపితే, వచ్చే సంచికలో అన్నీ పక్కపక్కనే వేద్దాం.