బైబిలు, ఎలెన్ వైట్ రచనలు – ఏది కొలబద్ద?



కొద్ది వారముల క్రితం ఉదయ ఆరాధన ముగిసిన తరువాత మొదటి సంవత్సరం నర్సింగ్ విద్యార్థిని ఒకామె నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, "మేడమ్, ఎడ్వెంటిస్టులకు రెండు బైబిళ్లు ఉంటాయని మా ఊళ్లో అంటారు. నిజమేనా?" అని అడిగింది. ఆమె వేరే సంఘము నుండి వచ్చిన పిల్ల. అడగడానికి భయపడింది గాని, అడిగినందుకు నేను సంతోషించాను. మనలో చాలామందికి ఈ ప్రశ్నకు సరియైన జవాబు తెలియదు. తెలియనందువలన రోగులకు నష్టం జరగడం నేను కన్నులారా చూశాను. అందుకే ఈసారి ఆరోగ్య పాఠమునకు బదులు ఈ పాఠము వ్రాస్తున్నాను. చివరకు ఇది కూడా ఆరోగ్యము దగ్గరికే వస్తుంది.

ఎలెన్ జి. వైట్ గారు 1827లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో జన్మించారు. 1844 డిసెంబరులో, పదిహేడేళ్ల వయస్సులో, మొదటి దర్శనము చూశారు. 1915లో మరణించే వరకు వ్రాస్తూనే ఉన్నారు. మన సంఘము 1863లో ఏర్పడింది. ఆ ఏడు జూన్‌లో ఆమెకు కలిగిన ఆరోగ్య దర్శనము నుండే మన వైద్యసేవ మొదలైంది. బాటిల్ క్రీక్‌లో మొదటి ఆరోగ్య కేంద్రము 1866లో తెరవబడింది. మన ఆసుపత్రులన్నీ ఆ వరుసలోనివే. కాబట్టి ఆమెను తేలికగా మాట్లాడే హక్కు మనకు లేదు.

అయితే సంఘము ఏమి ఒప్పుకొన్నదో చూడండి. మన ఇరవై ఎనిమిది మూల విశ్వాసములలో మొదటిది పరిశుద్ధ లేఖనములను గూర్చినది. ఎలెన్ వైట్ గారి ప్రస్తావన వచ్చేది పద్దెనిమిదవ దానిలో. ఆమె రచనలకు ప్రవచనాధికారము ఉన్నదని చెబుతూనే, సమస్త బోధనూ అనుభవమునూ పరీక్షించే ప్రమాణము బైబిలే అని ఆ విశ్వాసములో స్పష్టముగా ఉంది. మునుపు ఆమె రచనలను సత్యమునకు ఒక ఆధారముగా వర్ణించే మాట కూడా అక్కడ ఉండేది. 2015లో సాన్ ఆంటోనియోలో జరిగిన మహాసభలో ఆ మాట తీసివేశారు. చదివేవారు బైబిలుతో సమానముగా ఎంచుకొనకూడదని నేను ఆ మార్పును అర్థము చేసుకొన్నాను. ఆమె సైతం తన రచనలను చిన్న దీపముతో పోల్చి, పెద్ద వెలుగైన బైబిలు దగ్గరకు నడిపించుటకే అవి ఉన్నాయని 1903లో వ్రాశారు.

"బైబిలు ఉండగా మరల ప్రవక్త ఎందుకు?" అని కొందరు అడుగుతారు. 2 రాజులు 22వ అధ్యాయము తీసి చదవండి. దేవాలయములో ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది. యోషీయా రాజు దానిని విని బట్టలు చింపుకొని, యెహోవాయొద్ద విచారించమని మనుష్యులను పంపాడు. వారు హుల్దా అను ప్రవక్త్రి దగ్గరకు వెళ్లారు. ఆమె కొత్త గ్రంథమేదీ ఇవ్వలేదు. ఆ గ్రంథములో ఉన్న మాటలే నెరవేరునని చెప్పింది. నాతాను, గాదు అను ప్రవక్తలకు మాటలు వ్రాసిన గ్రంథములు ఉన్నట్లు 1 దినవృత్తాంతములు 29:29లో ఉంది. ఆ గ్రంథములు మన బైబిలులో లేవు, అయినను వారు నిజమైన ప్రవక్తలే. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించారని అపొ. కార్యములు 21:9లో చదువుతాము. వారి మాట ఒక్కటి కూడా మనకు మిగలలేదు. ప్రవచనములను తృణీకరించవద్దని, అయితే అన్నిటినీ పరీక్షించమని పౌలు చెప్పినది (1 థెస్సలొనీకయులకు 5:20, 21) ఇటువంటి వరమును గూర్చియే.

ఇంకొక చిన్న సంగతి. ప్రకటన 19:10లో ఇంగ్లీషు బైబిలు 'ప్రవచనపు ఆత్మ' అనే అర్థము ఇస్తుంది. మన తెలుగు బైబిలులో అక్కడ 'ప్రవచనసారము' అని ఉంది. మన పెద్దలు 'ప్రవచనాత్మ' అంటూ ఆ వచనమును చూపిస్తే వినేవారికి ఆ మాట అక్కడ కనబడదు. చెప్పేటప్పుడు ఇది కాస్త వివరించాలి.

బైబిలే ముందు అన్నది కేవలము కాగితము మీది మాట కాదు. విశ్రాంతిదినము ఎప్పుడు మొదలవుతుందో తొలి రోజులలో మనవారికి తేట కాలేదు. జోసెఫ్ బేట్స్ గారు సాయంత్రం ఆరు గంటలకు అన్నారు, వైట్ గారు కూడా అలాగే ఆచరించారు. మన ప్రాంతములో ఆరు గంటలకూ సూర్యాస్తమయమునకూ పెద్ద తేడా ఉండదు గాని, ఉత్తర అమెరికాలో ఎండాకాలము, చలికాలము చాలా తేడా వస్తుంది. 1855లో జె. ఎన్. ఆండ్రూస్ గారు లేఖనములన్నీ వెదకి సూర్యాస్తమయమే సరియైనదని చూపించారు. వైట్ గారు వెంటనే ఒప్పుకోలేదు. ఆ తరువాత వచ్చిన దర్శనము ఆమె అభిప్రాయమును బలపరచలేదు, వాక్యము చెప్పిన దానినే బలపరచింది. ఆమె తన అలవాటు మార్చుకొన్నారు. ఆమెకు ఇందులో చిన్నతనమేమీ లేదు. నాకైతే ఆమె మీద గౌరవము పెరిగింది.

ఆమె ఇతర గ్రంథకర్తల మాటలు తీసుకొన్నారనే విమర్శ కూడా మీరు వింటారు. తీసుకొన్న మాట నిజమే. గ్రేట్ కాంట్రవర్సీ ముందుమాటలో ఆమే చరిత్రకారుల మాటలు వాడినట్లు చెప్పారు, 1911 ముద్రణలో చాలా చోట్ల వారి పేర్లు చేర్చారు. డిజైర్ ఆఫ్ ఏజెస్ మీద ఫ్రెడ్ వెల్ట్‌మన్ గారు సంఘము తరఫుననే పరిశోధించి, 1988లో నివేదిక ఇచ్చారు. ఆమె ఇతరుల పుస్తకములు చాలా వాడుకొన్నారని అందులో తేలింది. ఇది దాచిపెట్టినవారి వలన విశ్వాసము పోయినవారున్నారు. ముందే చెప్పడము మేలు.

ఇక గుడ్డు సంగతి. టెస్టిమోనీస్ రెండవ సంపుటములో, ఒక కుటుంబమునకు వ్రాసిన సలహాలో, మీ బల్ల మీద గుడ్లు ఉంచకూడదని ఉంది. నేను కొత్తగా స్టాఫ్ నర్సుగా చేరిన రోజులలో, హాస్టల్‌లో గుడ్డు తిన్న జూనియర్ పిల్లను ఈ మాట చూపించి అందరి ముందు ఏడిపించాను. పాపము, ఆ పిల్ల ఇంటి దగ్గర కడుపునిండా తిండి లేనిది. ఆ పేజీ ఎవరికి, ఏ ఇంటి పరిస్థితి చూసి వ్రాయబడిందో నేను చూడలేదు. మూడవ బెడ్ రోగి కేస్ షీట్ తీసుకొని ఏడవ బెడ్ రోగికి మందు ఇస్తే ఏమంటారు? నేను చేసినది అదే.

1901లో డాక్టర్ డేనియల్ క్రెస్ గారు ఆహారము విషయములో అతిగా నియమము పాటించి, తీవ్రమైన రక్తహీనతతో మరణమునకు దగ్గరయ్యారు. వైట్ గారు ఆయనకు ఉత్తరము వ్రాసి, ఆరోగ్యమైన కోళ్ల గుడ్లు తెప్పించుకొని ద్రాక్షరసముతో తీసుకొమ్మన్నారు. (పచ్చిగుడ్డు ఈనాడు మనము ఎవరికీ చెప్పము, ఉడికించే తినాలి.) 1909లో వచ్చిన తొమ్మిదవ సంపుటములో పాలు, గుడ్లు, వెన్నను మాంసముతో సమానముగా లెక్కించకూడదన్నారు. విటమిన్ బి12 కనుగొన్నది 1948లో గనుక, ఆమెకు ఆ పేరు తెలియదు.

కొన్నేళ్ల క్రితం ఒక సంఘపెద్ద గారి భార్య మన ఆడవారి వార్డులో చేరారు. నాలుక మంట, అరికాళ్లలో తిమ్మిరి, నడిస్తే ఆయాసము. రెండేళ్లుగా పాలు, పెరుగు, గుడ్డు అన్నీ మానేశారు. పరీక్షలో బి12 బాగా తక్కువ అని తేలింది. డాక్టరు గారు ఇంజెక్షన్లు వ్రాస్తే భర్త వద్దన్నారు. "సిస్టరమ్మా, మేము వెలుగును బట్టి నడుచుకుంటున్నాము" అంటూ గీతలు గీసిన పుస్తకము చూపించారు. నేను వాదించలేదు. "బ్రదర్ గారూ, ఈ పుస్తకము నాకూ ప్రియమైనదే. ఆమె వ్రాసిన ఇంకొక ఉత్తరము కూడా చదువుదాము" అని కౌన్సెల్స్ ఆన్ డైట్ అండ్ ఫుడ్స్ తెచ్చి, క్రెస్ గారి ఉత్తరము తీశాను. ఆయన రెండుసార్లు చదివారు. తరువాత అపొ. కార్యములు 17:11 తీసి, బెరయవారు పౌలు మాటలనే లేఖనములతో సరిచూశారని చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. పుస్తకము తిరిగి ఇస్తూ, "మొదటి డోసు ఇవాళే ఇస్తారా?" అని అడిగారు.

సాయంత్రం రౌండ్‌కు ముందే ఇచ్చాము. తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టింది. ఒక పాదములో ఇంకా కొంచెము ఉంది.