మహమ్మారి కాలమున ఖైదీల విడుదల: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

2020 మార్చి నెలలో లాక్‌డౌన్ విధింపబడినప్పుడు హైదరాబాదు హైటెక్ సిటీలోని ఉద్యోగులు కంప్యూటర్లను ఇండ్లకు తెచ్చుకొని పని సాగించిరి. గచ్చిబౌలి క్రీడాగ్రామమందలి భవనము కరోనా ఆసుపత్రిగా మారెను. మనిషికిని మనిషికిని నడుమ ఎడముండవలెనని ప్రభుత్వము చాటించెను. అదే నగరమున చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారముల ఖైదీలు మాస్కులు కుట్టుచుండిరి. ఒకే గదిలో పలువురు నిద్రించు చోట ఎడము పాటించుట యెట్లు? 2018 చివర దేశమందలి 1,339 కారాగారములలో 4,66,084 మంది ఉండిరి. నూరుగురికి తగిన చోట 117 మందికి పైగా నన్నమాట.

ఈ స్థితిని గమనించి 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రమున నొక ఉన్నతాధికార సంఘము నేర్పరుపుమని ఆదేశించెను. ఎవరిని పెరోలుపై, ఎవరిని తాత్కాలిక బెయిలుపై పంపవచ్చునో ఆ సంఘమే నిర్ణయింపవలెను. ఏడేండ్లవరకు శిక్ష పడదగిన నేరములవారిని పరిశీలింపవచ్చునని కోర్టు ఉదాహరణముగా జెప్పెను.

రచ్చబండకడ దీనిని క్షమాభిక్ష యని చెప్పుకొనువారు కలరు. అది పొరపాటు. శిక్షపడినవానిని గడువు పెట్టి బయటికి పంపుట పెరోలు. విచారణ ముగియనివానిని కొంతకాలము విడుచుట తాత్కాలిక బెయిలు. రాజ్యాంగము 161వ అధికరణము ననుసరించి గవర్నరు చేయు శిక్షతగ్గింపు వేరు. 2023 మార్చి 24న సుప్రీంకోర్టు, ఇట్లు వెలికి వచ్చినవారు 15 దినములలో లొంగిపోవలెననెను. అత్యవసర పెరోలు కాలము శిక్షలో చేరదనియు నాడే తీర్పు వెలువడెను.

రోగి యైన ఖైదీకి మరియొక మార్గము కలదు. హైదరాబాదు వాసియగు వృద్ధకవి వరవరరావునకు 2020 జులైలో జైలునందుండగా కరోనా సోకినది. 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణమున ఆరునెలల బెయిలిచ్చెను. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు గడువులేని బెయిలు మంజూరు చేసెను. అభియోగము గురుతరమైనను రోగి ప్రాణమును న్యాయస్థానము విడిగా తూచినది.

రెండవసారి వ్యాధి ప్రబలినప్పుడు, 2021 మే నెలలో, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్. వి. రమణ అధ్యక్షతన గల ధర్మాసనము, ముందు విడుదలైనవారిని మరల విడువుమనెను. అందొక మాట మన సభ్యులు ప్రత్యేకముగా గమనింపదగినది. కొందరు ఖైదీలు తమ సామాజిక పరిస్థితి వలనను, వ్యాధిభయము వలనను వెలికి వచ్చుటకు ఇష్టపడకపోవచ్చుననియు, అట్టివారియెడ సానుభూతి చూపవలెననియు కోర్టు చెప్పెను. జైలు తలుపు తెరచినను తన యూరికి పోవ జంకు మనిషి యుండునన్నమాట! ఇది జైలరు తీర్చగల చిక్కు కాదు. వచ్చినవానికి బావినీరు, కూలిపని, రేషను బియ్యము నిరాకరింపబడకుండ చూచుట సర్పంచి పని. పరీక్ష చేయించి, అవసరమైనన్నాళ్లు విడిగా నుంచుట ఆరోగ్యసిబ్బంది పని.

బెయిలు వచ్చియు జామీను దొరకక జైలులోనే మిగిలిన బీదలు పెక్కురు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము నిర్బంధములో నున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. కుటుంబమువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును, లేదా 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.