వెన్నెముక లేని జీవి, జీవకణము

ఢిల్లీలో ఆంధ్రభవన్ ఉన్న అశోకా రోడ్డు నేరేడు చెట్ల నీడగల బాట. వానాకాలమున ఆ చెట్ల మొదట తడిమట్టిలోనుండి వానపాము పైకి వచ్చును. దారిన పోవువారు దానిని చూడకయే త్రొక్కి పోవుదురు. విద్యార్థీ, నీవు ఒక క్షణమాగి చూడుము.

1. దేహము: వానపామునకు వెన్నెముక లేదు. జంతుజాతులలో నూటికి 95కు పైగా ఇట్టివే. అయినను అది కదలుచున్నది. దాని దేహములోని ద్రవమే ఎముకకు మారు పనిచేయును. కండరములు ఆ ద్రవమును అదుముటచే శరీరము సాగి, ముడుచుకొని, ముందుకు జరుగును. ఊపిరితిత్తులును లేవు, అది తడిచర్మముతోనే శ్వాసించును. చర్మము ఆరినయెడల ఊపిరాడక చచ్చును.

2. కణము: 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చిన్న గదులను చూచి వాటికి 'సెల్' అని పేరు పెట్టెను. జంతుదేహములును కణనిర్మితములే యని 1839లో ష్వాన్ చూపెను. సామాన్యముగా వానపాము కణమందును నీ కణమందును పొర, జీవద్రవ్యము, కేంద్రకము కలవు. నీ రక్తమును ఎఱ్ఱచేయు హీమోగ్లోబిన్ దానియందును కలదు. నీలో అది రక్తకణములలో ఉండును, దానిలో ప్లాస్మాలో కరగియుండును.

కావున ఎండ ఎక్కకమునుపే ఆ వానపామును ఒక ఆకుతో ఎత్తి నీడనున్న తడిమట్టిలో విడువుము.

ప్రశ్నలు: వెన్నెముక లేని వానపాము ఎట్లు కదలును? దాని కణమునకును నీ కణమునకును గల పోలిక ఏమి?