ఎదురుగా ఒకే ఒక్క పడవ



ఈ పాఠంలో మనం ఒక ఆట గురించి చదువుకుందాం. ఈ ఆటలో రెండు పడవలే ఉంటాయి. వాటికి ఇంజను ఉండదు, తెడ్లు ఉండవు. నడిపించేది గాలి ఒక్కటే. ఈ ఆట పేరు మ్యాచ్ రేసింగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో దీన్ని మహిళల కోసమే పెట్టారు. అప్పుడు పన్నెండు దేశాల జట్లు పోటీ పడ్డాయి. ఒక్కో జట్టులో ముగ్గురు.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు
• గాలికీ పడవకీ సంబంధించిన తెలుగు మాటలు వాడగలుగుతారు.
• ఒక ఆట నియమాలను మీ మాటల్లో చెప్పగలుగుతారు.
• "లాగు – లాగండి", "వదలకు – వదలకండి" లాంటి మాటలు ఎవరితో ఎలా వాడాలో తెలుసుకుంటారు.

కొత్త మాటలు

తెరచాప – గాలిని పట్టి పడవను నడిపించే పెద్ద గుడ్డ.
చుక్కాని – పడవను మనకు కావలసిన వైపు తిప్పే పలక. పడవ వెనక భాగంలో ఉంటుంది.
సరంగు – పడవను నడిపించే పెద్ద. గోదావరి లాంచీల మీద కూడా ఈ మాట వినిపిస్తుంది.
ఎదురుగాలి – మనం వెళ్ళే వైపు నుంచి మన మీదికి వీచే గాలి.
గాలివాటం – గాలి వీచే వైపు.
బోయా – నీళ్ళ మీద తేలే గుర్తు. పడవలు దీన్ని చుట్టి రావాలి.
ప్రత్యర్థి – పోటీలో మనకు ఎదురు నిలిచేవాళ్ళు.

ఇప్పుడు పాఠంలోకి వెళ్దాం.

గడియారంతో పని లేదు

పడవ పోటీ అనగానే మీకు బోలెడు పడవలు ఒకేసారి బయలుదేరడం గుర్తొస్తుంది కదా? చాలా పోటీలు అలాగే జరుగుతాయి. మ్యాచ్ రేసింగ్ అలా కాదు. ఒక్కో రేసులో రెండే పడవలు. రెండూ ఒకే రకం పడవలు, తెరచాపలూ ఒకటే. 2012లో అందరూ ఎలియట్ 6 మీటర్ల పడవలు నడిపారు. కాబట్టి "మా పడవ పాతది" అని ఎవరూ అనడానికి లేదు.

ఈ ఆటలో ఎంత సేపట్లో వచ్చారు అని ఎవరూ అడగరు. ఎదుటి పడవకంటే ఒక్క క్షణం ముందు వచ్చినా గెలుపే, రెండు నిమిషాలు ముందు వచ్చినా గెలుపే. అందుకే మీరు వేగంగా వెళ్ళడం ఎంత ముఖ్యమో, ఎదుటివాళ్ళను వేగంగా వెళ్ళనివ్వకపోవడం కూడా అంతే ముఖ్యం.

గాలికి ఎదురు వెళ్ళేదెలా?

గాలివాటంగా వెళ్ళడం సులువు. వెనక నుంచి గాలి తోస్తుంది, పడవ పోతుంది. మరి ఎదురుగాలిలో? ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు వెళ్ళలేదు. అలా తిప్పితే తెరచాప టపటపా కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది.

అందుకని కాస్త ఏటవాలుగా వెళ్తారు. కొంతదూరం ఎడమకి, తర్వాత మలుపు తిరిగి కొంతదూరం కుడికి. మీరెప్పుడైనా తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కారా? బస్సు కొండ మీదికి నిటారుగా ఎక్కదు. మలుపు మీద మలుపు తిరుగుతూ ఎక్కుతుంది. పడవ కూడా గాలిలోకి అలాగే ఎక్కుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ పడవ కొంత వేగం పోగొట్టుకుంటుంది. అందుకే ఎప్పుడు తిరగాలి అన్నది పెద్ద ప్రశ్న.

రేసు మొదలవకముందే రేసు

మ్యాచ్ రేసులో అసలు సరదా బయలుదేరే గీత దగ్గరే ఉంటుంది. సమయం నాలుగు నిమిషాలు ఉందనగా రెండు పడవలూ గీత కింది భాగంలోకి రావడం మొదలుపెడతాయి. ఒకటి ఎడమ కొస నుంచి వస్తుంది. దానికి నీలం జెండా. ఇంకోటి కుడి కొస నుంచి వస్తుంది. దానికి పసుపు జెండా. రెండూ ఒకదానికొకటి ఎదురుగా దూసుకొస్తాయి.

ఆ కాసేపూ కబడ్డీ ఆటలా ఉంటుంది. చుట్టూ తిరుగుతారు, వెంటపడతారు, అటు వెళ్తున్నట్టు కనిపించి ఇటు తిరుగుతారు. ఒక్కోసారి రెండు పడవలూ ముక్కు గాలిలోకి పెట్టి పక్కపక్కనే కదలకుండా నిలబడతాయి. ముందు ఎవరు కదులుతారా అని చూస్తాయి. ఎదుటి పడవను తప్పు చేసేలా ఇరికించడం, లేదా గీత దాటే వేళకి మంచి చోటు తాము దక్కించుకోవడం – ఇదే ఇద్దరి ఆలోచన.

దారి ఎవరిది?

నీళ్ళ మీద ట్రాఫిక్ లైట్లు లేవు. కానీ నియమాలున్నాయి. ముఖ్యమైనవి మూడు:

1. గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకి దారి ఇవ్వాలి. గాలి ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి.
2. రెండు పడవలకీ గాలి ఒకే వైపు నుంచి తగులుతూ, అవి పక్కపక్కన ఉంటే, గాలి వచ్చే వైపున్న పడవ తప్పుకోవాలి.
3. రెండు పడవలకీ గాలి ఒకే వైపు నుంచి తగులుతూ, ఒకటి పూర్తిగా వెనక ఉంటే, ఆ వెనక ఉన్న పడవ తప్పుకోవాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీరు గాలి వచ్చే వైపు తిరిగి నిలబడ్డారనుకోండి. కుడి కొస నుంచి లోపలికి వచ్చే పడవ ఎడమవైపు వెళ్తోంది. అంటే దాని కుడి పక్కకే గాలి తగులుతుంది. కాబట్టి మొదట్లో దారి పసుపు జెండా పడవదే. నీలం జెండా పడవ తప్పుకుంటూనే ఉపాయం వెతుక్కోవాలి.

తప్పు చేస్తే?

అంపైర్లు వేరే పడవలో వెంటే వస్తుంటారు. "వాళ్ళు నియమం తప్పారు" అనిపిస్తే జట్టువాళ్ళు ఎరుపు, పసుపు చారల జెండా ఎత్తుతారు. అంపైర్లు అప్పటికప్పుడే తీర్పు చెప్తారు. నీలం జెండా ఎత్తితే నీలం పడవది తప్పు. పసుపు జెండా ఎత్తితే పసుపు పడవది తప్పు. ఆకుపచ్చ, తెలుపు జెండా ఎత్తితే ఎవరికీ శిక్ష లేదు, ఆట సాగించండి అని అర్థం.

శిక్ష ఏమిటంటే, పడవను ముప్పావు చుట్టు తిప్పి మళ్ళీ దారిలో పెట్టాలి. వెంటనే తిప్పక్కర్లేదు. గమ్యం చేరేలోపు ఎప్పుడైనా తిప్పవచ్చు. ఈలోగా ప్రత్యర్థి కూడా తప్పు చేస్తే రెండు శిక్షలూ కొట్టేసుకుపోతాయి! అందుకే శిక్ష పడినా ఎవరూ నీరసపడిపోరు. "వాళ్ళనీ ఇరికిద్దాం" అని చూస్తారు.

దారులు మూసే ఆట

మన ఊళ్ళలో ఆడే పులి–మేక ఆట తెలుసా? మేకలకి పులిని చంపే బలం లేదు. అవి పులి కదలడానికి దారి లేకుండా చుట్టూ మూసేస్తాయి. మ్యాచ్ రేసులో ముందున్న పడవ కూడా అదే పని చేస్తుంది. తెరచాప దాటి వచ్చిన గాలి బలహీనంగా, చెదిరిపోయి ఉంటుంది. ముందున్న పడవ తన తెరచాపను ప్రత్యర్థికీ గాలికీ మధ్యలో ఉంచుతుంది. ప్రత్యర్థి కుడికి తిరిగితే తానూ కుడికి తిరుగుతుంది. ఎడమకి తిరిగితే తానూ ఎడమకి.

వెనకున్న పడవ ఊరుకుంటుందా? మళ్ళీ మళ్ళీ మలుపులు తిరుగుతుంది. ముందువాళ్ళు ఏదో ఒక మలుపులో తడబడతారని దాని ఆశ. ఒక తాడు చిక్కుపడినా చాలు, ఆట తలకిందులైపోతుంది.

వేమత్, 2012 ఆగస్టు 11

ఆ రోజు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వేమత్ దగ్గర ఫైనల్ జరిగింది. గాలి బలంగా ఉంది, అలలు లేస్తున్నాయి. ఒకవైపు స్పెయిన్: తమారా ఎచెగోయెన్, సోఫియా తోరో, ఆంఖెలా పుమరియేగా. ఇంకోవైపు ఆస్ట్రేలియా: ఒలీవియా ప్రైస్, నీనా కర్టిస్, లూసిండా విట్టీ. మూడు రేసులు ముందు ఎవరు గెలిస్తే వాళ్ళకి స్వర్ణం.

అందులో ఒక రేసులో ఆస్ట్రేలియా సరంగు ఒలీవియా ప్రైస్ పడవలోంచి సముద్రంలో పడిపోయింది!

అలాంటప్పుడు పడవ ఆమెను వదిలేసి ముందుకు పోవడానికి లేదు. పడినవాళ్ళు తిరిగి ఎక్కాకే రేసు సాగించాలని నియమం. ఆ రేసు స్పెయిన్‌కి వెళ్ళింది. చూసేవాళ్ళెవరైనా "ఇంకేముంది, పుట్టి మునిగింది" అనుకుంటారు. కానీ ఆస్ట్రేలియా అమ్మాయిలు అలా అనుకోలేదు. తడిసిన బట్టలతోనే పోటీ కొనసాగించారు. ఫైనల్ చివరిదాకా, అంటే అయిదో రేసుదాకా వెళ్ళింది. ఆఖరికి స్పెయిన్ 3–2తో గెలిచింది. ఆస్ట్రేలియాకి రజతం, ఫిన్లాండ్‌కి కాంస్యం దక్కాయి.

ఒకసారి ఆలోచించండి. సరంగు నీళ్ళలో పడితే పడవలో మిగిలేది ఇద్దరే. వాళ్ళు చుక్కాని పట్టుకోవాలి, తెరచాప చూసుకోవాలి, నీళ్ళలో ఉన్న మనిషి మీద నుంచి కన్ను తిప్పకూడదు. అప్పుడు "తప్పెవరిది?" అని అడిగితే ఉపయోగం లేదు. "ఇప్పుడేం చేద్దాం?" అన్నదే పనికొచ్చే ప్రశ్న.

మహిళల మ్యాచ్ రేసింగ్ ఒలింపిక్స్‌లో ఉన్నది ఆ ఒక్కసారే. 2016 రియో ఒలింపిక్స్‌కి దాన్ని తీసేశారు. అయినా ఆట ఆగలేదు. 1999లో మొదలైన మహిళల ప్రపంచ పోటీలు ఆ తర్వాత కూడా జరిగాయి.

మన దేశంలోనూ తెరచాప పడవల మీద పోటీ పడే అమ్మాయిలున్నారు. చెన్నైకి చెందిన నేత్ర కుమనన్ ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళా సెయిలర్. ఆమె నడిపేది ఒక్కరే కూర్చునే పడవ. హైదరాబాద్ వెళ్ళినప్పుడు హుస్సేన్ సాగర్ వైపు ఓ చూపు వేయండి. బుద్ధుడి విగ్రహం చుట్టూ ఉన్న ఆ నీళ్ళ మీద కూడా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి.

పడవలో మాట

ఒక పడవలో ముగ్గురు తెలుగు అమ్మాయిలు ఉన్నారనుకుందాం. సరంగు మిగతా ఇద్దరికంటే పెద్దది. ఈ సంభాషణను ముగ్గురు కలిసి పైకి చదవండి.

ముందు అమ్మాయి: అక్కా, కుడివైపు నీళ్ళు నల్లబడుతున్నాయి. గాలి పెరుగుతోంది.
సరంగు: ఎంత దూరంలో ఉంది?
ముందు అమ్మాయి: పది లెక్కపెట్టేలోగా మన మీదికి వస్తుంది.
మధ్య అమ్మాయి: వాళ్ళు తిరుగుతున్నారక్కా!
సరంగు: మనమూ తిరుగుదాం. సిద్ధమేనా?
ఇద్దరూ: సిద్ధం!
సరంగు: తిప్పుతున్నా. తల వంచు! తాడు వదులు... ఇప్పుడు లాగు!
మధ్య అమ్మాయి: అయ్యో, తాడు చేజారింది!
సరంగు: పర్లేదు, పట్టుకో. దాని గురించి ఒడ్డుకి వెళ్ళాక మాట్లాడుకుందాం. వాళ్ళెక్కడున్నారో చెప్పు.

గమనించారా? మాటలు చిన్నవి. "దయచేసి తాడు లాగుతావా?" అని అడిగేంత సమయం లేదు. అలాగని ఎవరూ ఎవరినీ కసురుకోలేదు. చిన్నవాళ్ళు "అక్కా" అన్నారు. అదే మన మర్యాద. అంపైరుతో మాట్లాడాల్సి వస్తే మాత్రం "చూడు" అనకూడదు, "చూడండి" అనాలి.

లాగు – లాగండి – లాగకు – లాగకండి
వదులు – వదలండి – వదలకు – వదలకండి
తిప్పు – తిప్పండి – తిప్పకు – తిప్పకండి
పట్టుకో – పట్టుకోండి – పట్టుకోకు – పట్టుకోకండి

గాలి, పడవ – మన నానుడులు

పుట్టి మునగడం – పుట్టి అంటే గుండ్రంగా బుట్టలా ఉండే చిన్న పడవ. అంతా పాడైపోయింది అనడానికి "పుట్టి మునిగింది" అంటారు. "ఇప్పుడేం పుట్టి మునగలేదులే" అంటే కంగారు పడక్కర్లేదు అని.
చుక్కాని లేని నావ – దారి చూపేవాళ్ళు లేని పరిస్థితి.
గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి – రైతులు ధాన్యాన్ని గాలిలో పోసి పొట్టు వేరు చేస్తారు. దాన్నే తూర్పారబట్టడం అంటారు. అవకాశం ఉన్నప్పుడే పని చేసుకోవాలని ఈ సామెత చెప్తుంది.

అభ్యాసం

అ. సొంత మాటల్లో జవాబులు చెప్పండి.
1. మ్యాచ్ రేసులో గడియారంతో ఎందుకు పని లేదు?
2. పడవ ఎదురుగాలిలో ఘాట్ రోడ్డు మీద బస్సులా ఎందుకు వెళ్తుంది?
3. శిక్ష పడిన జట్టు ఆశ వదులుకోదు. ఎందుకు?

ఆ. ఎవరు తప్పుకోవాలి?
1. నీలం పడవకి గాలి ఎడమ నుంచి తగులుతోంది. పసుపు పడవకి కుడి నుంచి తగులుతోంది. రెండూ ఎదురెదురుగా వస్తున్నాయి.
2. రెండు పడవలకీ గాలి కుడి నుంచే తగులుతోంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గాలి వచ్చే వైపున పసుపు పడవ ఉంది.

ఇ. సరైన మాటతో ఖాళీ పూరించండి.
1. చెల్లీ, తాడు గట్టిగా ______. (పట్టుకో / పట్టుకోండి)
2. అంపైరు గారూ, మా జెండా ______. (చూడు / చూడండి)
3. అమ్మమ్మా, మీరు కంగారు ______. (పడకు / పడకండి)

ఈ. ఇంటి పని: ఈ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు తాతయ్యనో అమ్మమ్మనో అడగండి: "మీరు ఎప్పుడైనా పుట్టి ఎక్కారా? ఏ ఊళ్ళో? ఏ వాగు మీద?" వాళ్ళు చెప్పింది అయిదు వాక్యాల్లో రాసి తరగతిలో చదవండి. మధ్యలో "అప్పుడు మీకు భయమేయలేదా?" అని అడగడం మర్చిపోకండి. మంచి కథలు అక్కడే మొదలవుతాయి.

జవాబులు: ఆ. 1 – నీలం, 2 – పసుపు. ఇ. 1 – పట్టుకో, 2 – చూడండి, 3 – పడకండి.