అడుగని వరము: క్రిస్మసు పండుగను గూర్చిన యొక పాఠము

ప్రతి సంవత్సరము డిసెంబరు 25వ తేదీని క్రైస్తవులు యేసు జన్మదినముగ నెంచి పండుగ సలుపుదురు. ఆనాడు ఒండొరులకు కానుక లిచ్చుకొనుటయు, పిల్లలకు క్రొత్త వస్త్రములు తొడుగుటయు, పేదలకు అన్నము పెట్టుటయు మన మెల్లరము చూచుచున్నదే. ఈ కానుకల కన్నిటికిని మూలమైన కానుక యొకటి కలదనియు, అది మనుష్యు లిచ్చినది కాక దేవుడే యిచ్చినదనియు, ఆ కానుక యేసే యనియు వారు చెప్పుదురు. ఈ మాట వాడుకలో నెంతగా నరిగిపోయినదనగా, చెప్పువారును వినువారును దాని బరువును గుర్తింపకయే దాటిపోవుచున్నారు. దేవుడు వర్షము నిచ్చెను, పంట నిచ్చెను, బిడ్డల నిచ్చెనని అన్ని మతములవారును చెప్పుదురు. ఒక మనుష్యుడు దేవుని దాన మగుట యెట్లు? ఆ దాన మెవరికి? దానిని పుచ్చుకొనుట యనగా నేమి? ఈ ప్రశ్నలను వారి గ్రంథములను బట్టియు, వారి పెద్దల వ్యాఖ్యానములను బట్టియు విచారించుట ఈ పాఠమున మేము తలపెట్టిన పని. ఇతరుల మతమును వారు చెప్పుకొను రీతిగనే మొదట వినుట న్యాయము. ఒప్పుకొనుటయు త్రోసివేయుటయు తరువాతి మాట.

తేదీని గూర్చి రెండు మాటలు చాలును. యేసు పుట్టిన దినము గాని మాసము గాని సువార్తలలో చెప్పబడలేదు. రోమునగరమున 354వ సంవత్సరమున కూర్చబడిన యొక పంచాంగ గ్రంథమున డిసెంబరు 25వ తేదీ నిస్సందేహముగ కానవచ్చుచున్నది. ఆర్మీనియా దేశపు సంఘమువారు నేటికిని జనవరి 6వ తేదీనే యేసు జననమును స్మరింతురు. వేదమున విధింపబడని పండుగ యని 1647లో ఇంగ్లండు పార్లమెంటువారు దీనిని నిషేధించిరి కూడను. ఇట్టి పండుగ సారము తేదీలో లేదని వేరుగ చెప్పనక్కరలేదు.

యేసు జననకథను చెప్పిన సువార్తికులు మత్తయి, లూకా అను నిరువురే. ఔగుస్తు చక్రవర్తి జనసంఖ్య వ్రాయింప నాజ్ఞాపింపగా, యోసేపును గర్భవతియగు మరియయు నజరేతునుండి బేత్లెహేమునకు పోయిరనియు, అచ్చట బిడ్డ పుట్టగా పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పరుండబెట్టిరనియు లూకా వ్రాసెను. సత్రములో చోటు లేకపోయెనని సాధారణముగ చెప్పుదురు. లూకా వాడిన గ్రీకుపదమునకు అతిథులు దిగు గది యనియు నర్థము కలదు. యేసు తన శిష్యులతో కడపటి భోజనము చేసిన గదికిని ఆయన ఆ పదమునే వాడెను. సత్రమైన నేమి, గదియైన నేమి, తొట్టి తొట్టియే. ఈ వార్త మొదట తెలిసినది రాత్రివేళ పొలములో మందలు కాయుచున్న గొల్లలకు.

తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చి బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిరను కథ మత్తయిది. వారెందరో ఆయన చెప్పలేదు. వస్తువులు మూడు గనుక మనుష్యులును మువ్వురని లోకము లెక్క కట్టినది. క్రిస్మసు కానుకల యాచారమునకు ఈ జ్ఞానులే మూలపురుషులని తలంచువారు పలువురు కలరు. కాని కథను నిదానముగ చదివినచో క్రమము వేరుగ నున్నది. వారు రాకమునుపే బిడ్డ పుట్టియుండెను. వారి బంగారమును చూచి యెవ్వడును పుట్టలేదు. మనుష్యుడు దేవునికిచ్చు కానుక ఇక్కడ ప్రత్యుత్తరము మాత్రమే. మొదటి మాట దేవునిది.

తెలుగు క్రైస్తవులు ఈ దానమునకు కృపావరమను పేరు పెట్టుకొనిరి. ఈ సమాసము ఆలోచింపదగినది. వరమను మాట వినినంతనే మన మనస్సు పురాణములకు పోవును. ధ్రువుడు పసివాడయ్యును అడవిలో తపస్సు చేసి వరము పొందెను. భగీరథుడు తపస్సు చేసి గంగను దింపెను. హిరణ్యకశిపుడును ఘోరతపస్సు చేసియే వరములు గొనెను. పొందినవాడు భక్తుడైనను రాక్షసుడైనను, తపస్సు ముందు, వరము వెనుక. కృప యను పదము ముందు చేరుటతో ఈ క్రమము తలక్రిందైనది. యూదులు తమ రక్షకునికై యెదురుచూచుచుండిరనుట నిజమే. సుమెయోను, అన్న అను వృద్ధుల నిరువురను లూకాయే పేర్కొనెను. ఐనను ఎదురుచూచుట వేరు, ఆర్జించుట వేరు. పౌలు రోమావారికి వ్రాసిన లేఖలో పాపము వలన వచ్చునదానికి సైనికుల జీతభత్యములను తెలుపు పదమును, దేవుని వలన వచ్చునదానికి ఉచితముగ నిచ్చు కానుకను తెలుపు పదమును వాడెను. జీతము లెక్కకు వచ్చునది. కానుకకు లెక్క లేదు.

మనవారికి అసలు చిక్కు ఇక్కడనే కలదని మా తలంపు. దానము చేయునపుడు పాత్రాపాత్రములను విచారింపవలెనని మన పెద్దలు బోధించిరి. గీత పదునేడవ యధ్యాయమున దేశమును, కాలమును, పాత్రమును ఎరిగి, ప్రత్యుపకారము కోరక యిచ్చునది సాత్త్వికదానముగను, అదేశకాలములయందు అపాత్రునకు అవమానించి యిచ్చునది తామసదానముగను చెప్పబడినది. అపాత్రదానమను మాట నేటికిని మన యిండ్లలో నిందగనే వాడబడుచున్నది. పౌలు చెప్పునదేమి? మనుష్యులు బలహీనులై, పాపులై, దేవునికి శత్రువులై యున్నప్పుడే ఆయన వారికొరకు తన కుమారు నిచ్చెనని. అనగా క్రైస్తవుల దేవుడు చేసినది తెలిసి చేసిన యపాత్రదానము. అవమానించి కాక, ప్రేమించి చేసినది.

ఇది న్యాయమా యని చదువరులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. యోగ్యునికిని అయోగ్యునికిని భేదము లేనిచో సదాచారమునకు విలువ యేమి? దీనికి క్రైస్తవుల యుత్తరము రెండంచెలుగ నున్నది. పాత్రత లెక్కింప మొదలిడినచో దేవుని యెదుట నిలువగలవా డెవ్వడును మిగులడనుట మొదటిది. ఇది వినుటకు కఠినముగ నున్నను, తన మనస్సును తాను పరీక్షించుకొన్నవాడు సులభముగ కాదనలేడు. లోకమున దానము పాత్రను వెదకికొని పోవును, ఈ దానమైతే తన పాత్రను తానే చేసికొనుననుట రెండవది. కుమ్మరి నీరు తెచ్చువాడు మాత్రమే కాదు, కడవను చేయువాడు కూడను. తల్లి తన బిడ్డకు పాలిచ్చునది బిడ్డ యోగ్యతను చూచి కాదు. ఆ పాలు త్రాగియే బిడ్డ మనుష్యుడగుచున్నాడు.

ఇక ఇచ్చిన దేమి? భాగవతమున చెప్పబడిన తొమ్మిది విధములైన భక్తిలో కడపటిది ఆత్మనివేదనము. భక్తుడు తనకున్నవానినెల్ల సమర్పించి, తుదకు తన్నుతాను సమర్పించుకొనును. దానికి మించిన దిచ్చుట యెవ్వరి తరమును కాదు. క్రిస్మసు బోధ యేమనగా, ఆ ఆత్మనివేదనమును దేవుడే మనుష్యుని యెడ చేసెనని. మన భాషలో దీనికంటె దగ్గరి మాట మాకు దొరకలేదు. ఫిలిప్పీవారికి వ్రాసిన లేఖలో పౌలు, క్రీస్తు తన్నుతాను రిక్తునిగ చేసికొని దాసుని రూపము ధరించెనని వర్ణించినది ఈ యర్థమునే.

నాలుగవ శతాబ్దమున క్రైస్తవసంఘములో చెలరేగిన గొప్ప వివాదమునకు ఆయువుపట్టు ఇచ్చటనే యున్నది. అలెగ్జాండ్రియా నగరపు బోధకుడగు ఏరియసు, కుమారుడు దేవునిచే సృజింపబడినవాడని చెప్పెను. 325లో నైసియా పట్టణమున కూడిన సభవారు, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిర్ణయించిరి. పైకి ఇది వైయాకరణుల జగడమువలె తోచును. కాని కుమారుడు సృష్టిలోనివాడే యైనచో దేవుడు తనకు వేరైనదాని నొకదాని నిచ్చెనని యర్థమగును. అప్పుడది గొప్ప దానమే కాని ఆత్మదానము కాదు. ఆ పక్షమున నిలిచి పోరాడిన అథనేసియసు, దేవుడు శరీరధారి యగుటను గూర్చి వ్రాసిన గ్రంథమున నొక చక్కని యుపమానము నిచ్చెను. పలకపై వ్రాసిన యొకని చిత్తరువు మరకలు పడి చెరిగిపోయినది. ఆ పలకను పారవేయరు. ఎవని చిత్తరువో వాడు మరల వచ్చి యెదుట కూర్చుండగా, ఆ పలకపైననే రూపము మరల దిద్దబడును. మనుష్యునియందలి దేవుని పోలిక చెరిగిపోగా, ఆ పోలికకు మూలమైనవాడే స్వయముగ రావలసివచ్చెనని ఆయన భావము. చిత్తరువుకు చక్కని యుపదేశము చేసినంత మాత్రమున ముఖము తిరిగి రాదు గదా.

ఉపదేశమను మాట వచ్చినది గనుక మన దేశమున జరిగిన యొక వాదమును స్మరింపవలెను. 1820లో రాజా రామమోహన రాయలవారు యేసు నీతివాక్యములను సువార్తలనుండి యేరి, అద్భుతములను సిద్ధాంతములను చాలవరకు విడిచి, శాంతికిని సుఖమునకును మార్గదర్శి యను పేర కలకత్తాలో అచ్చు వేయించిరి. శ్రీరామపురపు మిషనరీ జాషువా మార్ష్‌మను దీనిని తీవ్రముగ ఖండించెను. రాయలవారు క్రైస్తవజనులకు మూడు విన్నపములు ప్రకటించి బదులు చెప్పిరి. యేసును తృణీకరించుట రాయలవారి యుద్దేశమెంత మాత్రమును కాదు. ఆ నీతియే సర్వజనులకును పనికివచ్చునది, తక్కినది కలహములకు మూలమని వారి నిశ్చయము. మార్ష్‌మను భయమును అకారణము కాదు. దాతను తీసివేసి బోధకుని మాత్రము మిగిల్చినచో, ఆ బోధ ఆచరింపలేనివానికి ఏమి గతి యని ఆతని ప్రశ్న. ఇరుపక్షములవారును పట్టుకొన్నది నిజమైన వస్తువునే యని మాకు తోచుచున్నది.

ఈ రెంటికిని గల సంబంధమును జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు మూడువందల యేండ్లు ముందుగనే విప్పి చెప్పెను. సువార్తలను చదువు విధమును గూర్చి 1521లో ఆయన వ్రాసిన చిన్న వ్యాసమున, క్రీస్తును మొదట కానుకగ పుచ్చుకొనవలెను, తరువాతనే ఆదర్శముగ ననుసరింపవలెనని బోధించెను. ఆదర్శముగ మాత్రమే చూచినచో ఆయన మరియొక మోషే యగును. ఆజ్ఞలు పెరుగును గాని బలము పెరుగదు. పుచ్చుకొన్నవాడు పొరుగువానికి తానును అట్లే యగును. కావున ఆదర్శమును కొట్టివేయలేదు. దాని స్థానమును చెప్పెను.

ఉచితమను మాటకు అపాయము లేకపోలేదు. ఉచితముగ వచ్చినదానిని చులకన చేయుట మనుష్యస్వభావము. కూటికొరకై మతము పుచ్చుకొనిరను నింద మన ప్రాంతమున మిక్కిలిగ వినబడినదే. ఈ విషయమున ఒంగోలు చరిత్ర తెలిసికొనదగినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన క్షామమున అచ్చటి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. వారిలో మాదిగ కులస్థులు విస్తారముగ నుండిరి. బాప్తిస్మమడిగినవారు అనేకులైనను, క్షామపుకూలి నడచుచున్నంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవ్వరికిని ఇయ్యలేదు. అన్నమును విశ్వాసమును కలగాపులగము కారాదని ఆయన పట్టుదల. పనులు ముగిసి, కూలి నిలిచిన పిమ్మట వారు మరల వచ్చిరి. 1878 జులై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున వేలంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఊరిబావి దగ్గరకు రానీయక, గుడిగడప ద్రొక్కనీయక, తరతరములుగ అపాత్రులని పిలువబడినవారు వీరు. పాత్రతను విచారింపని దాత యొకడున్నాడను మాట వారి చెవుల కెట్లు వినబడియుండునో మనము ఊహించుకొనవచ్చును. పాత్రులమని తలంచుకొను మనకు ఆ మాట వేరుగ వినబడుచున్నది కాబోలు.

చులకన చేయుటను గూర్చి మిక్కిలి గట్టిగ పలికినవాడు జర్మనుడగు డీట్రిఖ్ బాన్‌హాఫర్. పశ్చాత్తాపము లేని క్షమను, అనుసరణము లేని విశ్వాసమును ఆయన 1937లో ప్రకటించిన గ్రంథమున చౌకకృప యని నిందించెను. కృప పుచ్చుకొనువానికి వెల లేనిదే. ఇచ్చినవానికి కుమారుని ప్రాణమే వెల యైనది, పుచ్చుకొన్నవాని జీవితమును అది పూర్తిగ అడుగునని ఆయన వాదము. హిట్లరు ప్రభుత్వము నెదిరించినందున ఆయన 1943 ఏప్రిల్‌లో పట్టుబడి, 1945 ఏప్రిల్ 9వ తేదీని ఉరితీయబడెను. 1943 డిసెంబరులో, పండుగకు కొన్ని దినముల ముందు, బెర్లినునందలి టేగెల్ కారాగారమునుండి తలిదండ్రులకు ఆయన యొక జాబు వ్రాసెను. పండుగ పేరు మాత్రమే మిగిలిన యిండ్లలోకంటె ఇచ్చట అది నిజముగ జరుగవచ్చుననియు, మనుష్యులు ముఖము త్రిప్పుకొను చోటికే దేవుడు ముఖము త్రిప్పుననియు, చోటు దొరకక క్రీస్తు పశువుల పాకలో పుట్టెనను సంగతి తక్కినవారికంటె ఖైదీకి బాగుగ నర్థమగుననియు ఆ జాబులో నున్నది.