డ్రోన్ ఎగరేసి డబ్బు తీసుకుంటున్నారా?

పెళ్లి పందిరి మీద డ్రోన్ తిరగని ముహూర్తం ఇప్పుడు అరుదు. వరి చేలల్లో మందు కొట్టే పనికీ అదే వస్తోంది. రిమోట్ పట్టడం కుర్రాళ్లు ఇట్టే నేర్చేసుకుంటున్నారు గానీ, కాగితాల సంగతి దగ్గరికొచ్చేసరికి ‘చిన్న డ్రోన్‌కి ఏమీ అక్కర్లేదట’ అన్న మాట పట్టుకుని వెళ్లిపోతున్నారు. ఆ మాటలో నిజం సగమే.

మన దేశంలో నడుస్తున్నవి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు. వాటి ప్రకారం 250 గ్రాముల వరకు ఉంటే నానో. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి 2 కిలోల దాకా మైక్రో. సరదాకు ఎగరేసుకుంటే దీనికీ సర్టిఫికెట్ అడగరు. రూపాయి పుచ్చుకున్నారా, కావాల్సిందే. పెళ్లి షూట్‌కి వెళ్లే డ్రోన్లు చాలావరకు ఈ మైక్రోలోకే వస్తాయి, చిక్కంతా అక్కడే. ‘డబ్బు తీసుకునేది ఓనరు, నేను జీతగాణ్ణే కదా’ అనుకోకండి. డబ్బు ఎవరి జేబులోకి వెళ్లినా ఆ ఎగరేత వ్యాపారమే. పోలీసులు వస్తే ముందు అడిగేది రిమోట్ పట్టుకున్నవాణ్ణే.

249 గ్రాముల డ్రోన్ కొని నిశ్చింతగా ఉన్నవాళ్లకూ ఒక మాట. బరువు లెక్కకట్టేది అన్నీ తగిలించాకే. ఎక్కువసేపు వచ్చే పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కలకు గార్డులు బిగించినా అది నానో గీత దాటిపోవచ్చు. షూట్‌కి తీసుకెళ్లే అమరికతోనే ఒకసారి త్రాసు మీద పెట్టి చూడండి.

మందు కొట్టే డ్రోన్ సంగతి వేరు. పది లీటర్ల ట్యాంకు నింపితే మందు బరువే పది కిలోలు. ఇది 2 నుంచి 25 కిలోల స్మాల్ తరగతి. ఇక్కడ సరదా, వ్యాపారం అన్న తేడా లేదు. సొంత పొలంలో కొట్టుకున్నా పైలట్‌కి సర్టిఫికెట్ ఉండాలి.

అది సంపాదించడం మరీ కష్టమేమీ కాదు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పూర్తి చేసి పరీక్ష నెగ్గాలి. పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు లేదని ఆగిపోయినవాళ్లకు 2023 సెప్టెంబరు సవరణతో ఆ అడ్డూ తొలగింది. ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటివి చాలు. జాగ్రత్త పడాల్సింది సంస్థ దగ్గరే. ఫీజు కట్టే ముందు దాని పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. కోర్సు చివర రంగురంగుల ప్రశంసాపత్రం ఇచ్చి పంపేవాళ్లున్నారు. గోడకు తగిలించుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. అసలు సర్టిఫికెట్ డీజీసీఏ పోర్టల్ నుంచి నంబరుతో వస్తుంది.

సర్టిఫికెట్ మనిషికి. డ్రోన్‌కి విడిగా యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, 250 గ్రాములు దాటితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ నంబరు మీ పేరుకి మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. అమెరికా నుంచి వచ్చే బావగారికి ‘ఒక డ్రోన్ తెచ్చిపెట్టు’ అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. కస్టమ్స్ దగ్గర ఆయన్ను ఇరుకున పెట్టడం తప్ప ప్రయోజనం ఉండదు.

ఇక ఎక్కడ ఎగరేయాలన్నది. ప్రభుత్వ పోర్టల్ డిజిటల్ స్కైలోని మ్యాప్‌లో గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ ఎత్తు 200 అడుగులే. యెల్లో జోన్‌కి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, రెడ్ జోన్‌కి కేంద్రం అనుమతి కావాలి. హైదరాబాద్‌లో శంషాబాద్ విమానాశ్రయం ఒక్కటే గుర్తుంచుకుంటే చాలదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. విశాఖ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ ఒప్పుకునే ముందు అక్కడ నౌకాదళం ఉందని మరవకండి. తిరుమల కొండ మీద అసలే కుదరదు.

నిన్న గ్రీన్ అయినది ఇవాళ కాకపోవచ్చు. ఎస్పీ స్థాయి అధికారి ఒక ప్రాంతాన్ని ఒక్కో విడతకు 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. వీఐపీ పర్యటనలప్పుడు ఈ బెడద ఎక్కువ. అందుకే ఎగరేసే రోజు పొద్దున మ్యాప్ మళ్లీ చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో పోలీసుల అనుమతి కావాలని నిబంధనల్లో లేదు. అయినా స్థానిక ఎస్సై చెవిన ఒక మాట వేయడమే నయమని నా అభిప్రాయం. ముహూర్తం వేళ ఆయనతో రూల్సు వాదించే తీరిక మీకుండదు.

ఇప్పటి నిబంధనల కింద జరిమానా లక్ష రూపాయల వరకు ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్రం అభిప్రాయాల కోసం బయటపెట్టిన పౌర డ్రోన్ బిల్లు ముసాయిదా జైలు శిక్షల దాకా వెళ్లింది. గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టే తెలుస్తుంది. స్టూడియోలో పనిచేసేవాళ్లు సర్టిఫికెట్ ఖర్చు, ఇన్సూరెన్స్ ఎవరు భరిస్తారో ఓనరుతో ఇప్పుడే తేల్చుకోండి, వీలైతే కాగితం మీద. ‘ఈ ఒక్క పెళ్లికి కానివ్వు, తర్వాత చూద్దాం’ అంటే ఆ షూట్ వదులుకోండి.