సీఆర్‌టీ క్లాసులకు వెళ్తే చాలదు

వడ్లమూడిలోని విజ్ఞాన్‌లో చదివినా, 1981 నుంచి నడుస్తున్న బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో చదివినా, క్యాంపస్ డ్రైవ్‌కు కూర్చోగానే మీ ముందుకు వచ్చే మొదటి రౌండ్ దాదాపు ఒకటే: ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష. మీ ప్రాజెక్టు ఎంత బాగుందో, సి++ ఎంత వచ్చో చెప్పుకునే అవకాశం ఆ రౌండ్ దాటాకే వస్తుంది. కంపెనీకి వేల దరఖాస్తులు వస్తాయి, ఇంటర్వ్యూ చేసే మనుషులు కొద్దిమందే. అందుకని ముందు వడపోత పెడతారు. ఈ రౌండ్ పెట్టేది ఎక్కువమందిని ఆపడానికేనన్న సంగతి మొదట గుర్తుంచుకోండి.

కాబట్టి సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసుకు హాజరు వేయించుకున్నంత మాత్రాన తయారైనట్టు కాదు. క్లాసులో సార్ లెక్క చేస్తుంటే అర్థమవుతుంది. పరీక్షలో అదే లెక్క కొంచెం మార్చి ఇస్తే చెయ్యి ఆగిపోతుంది. ఎక్కువమంది పోయేది అక్కడే.

ఎంసెట్ అలవాటు

మనలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ ఎంసెట్ కోసమే చదివి వచ్చాం. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. తెలియనివాటికి చివర్లో ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి వచ్చినా నష్టం లేదు. ఆ పద్ధతి అక్కడికి సరిపోతుంది, అన్ని పరీక్షలకూ పనికిరాదు.

గేట్ తీసుకోండి. 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కే. ఒక మార్కు మల్టిపుల్ చాయిస్ ప్రశ్న తప్పితే మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తేల్చి, మిగతా రెండింటిలో ఒకటి పెడితే సగటున మూడో వంతు మార్కు లాభం. అంటే గుడ్డిగా పెట్టడం దండగ, సగం తేల్చాక పెట్టడం లాభం. ఈ లెక్క పరీక్ష హాల్లో కూర్చుని వేసుకునేది కాదు, ఇంటి దగ్గరే తెలిసి ఉండాలి.

కంపెనీల పరీక్షల్లో నెగెటివ్ ఉందా లేదా అన్నది పరీక్షను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. సెక్షన్‌కు విడిగా కటాఫ్ ఉందా, ఒక సెక్షన్ వదిలి ఇంకోదానికి వెళ్లనిస్తారా అన్నవి కూడా అంతే. సీనియర్ చెప్పింది పోయిన ఏడాది మాట. డ్రైవ్ నోటీసు, స్క్రీన్ మీద వచ్చే సూచనలు మీరే పూర్తిగా చదవండి.

షార్ట్‌కట్ ఎక్కడ తిరగబడుతుంది

ఏ 12 రోజుల్లో, బి 18 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి ఎన్నాళ్లలో చేస్తారంటే, గుణకారాన్ని కూడికతో భాగించే సూత్రం వాడి 7.2 రోజులని అందరూ పెడతారు. అదే ప్రశ్నను ఇలా మారుస్తారు: ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు, 4 రోజులకు ఏ మానేశాడు, మిగతాది బి ఒక్కడే చేశాడు, మొత్తం ఎన్ని రోజులు? సూత్రం మాత్రమే బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. పని మొత్తం 36 యూనిట్లు అనుకోండి. ఏ రోజుకు 3, బి రోజుకు 2. నాలుగు రోజుల్లో 20 అయ్యాయి. మిగిలిన 16 యూనిట్లకు బికి 8 రోజులు. మొత్తం 12 రోజులు. పద్ధతి అర్థమైతే ప్రశ్న ఎటు తిప్పినా పని నడుస్తుంది.

సగటు వేగం ఇంకో ఉచ్చు. తెనాలి నుంచి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 60 వేగంతో తిరిగి వస్తే సగటు 50 కాదు, 48. నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి ఆ వేగానికే బరువెక్కువ. జీతం 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే పాత జీతం రాదు, 4 శాతం తక్కువొస్తుంది. ఆప్షన్లలో 50, ‘మార్పు లేదు’ తప్పకుండా ఉంటాయి. తొందరపడేవాళ్ల కోసమే వాటిని పెడతారు.

రీజనింగ్‌లో సొంత జ్ఞానం అడ్డొస్తుంది. ‘డెవలపర్లందరూ గ్రాడ్యుయేట్లు. కొందరు గ్రాడ్యుయేట్లు టెస్టర్లు.’ దీన్నుంచి కొందరు డెవలపర్లు టెస్టర్లని తేల్చలేం. ఆ కొందరు గ్రాడ్యుయేట్లు డెవలపర్లు కాకుండా పోవచ్చు. బయట లోకంలో నిజమే కదా అని ఆప్షన్ పెడితే మార్కు పోతుంది. ఇచ్చిన వాక్యాల్లో ఎంతుందో అంతే తీసుకోవాలి. అనుమానం వస్తే వృత్తాలు గీసి చూడండి.

మాక్ టెస్ట్ రాయడం సగం పనే

రోజుకో మాక్ రాసి, స్కోరు చూసుకుని, మర్నాడు ఇంకోటి రాసేవాళ్ల స్కోరు నెలైనా పెద్దగా కదలదు. గంట మాక్ రాస్తే, తప్పులు చూడటానికి ఇంకో గంట పెట్టండి. ఒక నోట్‌బుక్‌లో ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: పద్ధతి తెలియదు, లెక్కలో పొరపాటు, ప్రశ్న సరిగా చదవలేదు, టైమ్ చాలలేదు. రెండు వారాల తర్వాత ఆ కాలమ్ చూస్తే మీ జబ్బు తెలుస్తుంది. పద్ధతి తెలియకపోతే చాప్టర్ చదవాలి. లెక్కలో పొరపాటైతే ఎక్కాలు, వర్గాలు, భిన్నాలకు శాతాలు నోటికి రావాలి. ప్రశ్న చదవడమే ఇబ్బంది అయితే అసలు లోటు ఇంగ్లిషులో ఉంది.

ఈ చివరిది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. లెక్క వచ్చి కూడా ప్రశ్న రెండుసార్లు చదవాల్సి వస్తే సగం టైమ్ అక్కడే పోతుంది. టీసీఎస్ పెట్టే ఎంపిక పరీక్ష ఎన్‌క్యూటీలో న్యూమరికల్, రీజనింగ్‌తో పాటు వెర్బల్ కూడా ఉంటుంది. రోజూ ఇంగ్లిషు పేపర్లో ఒక వ్యాసం టైమ్ పెట్టుకుని చదివి, సారాంశం మూడు వాక్యాల్లో రాయండి. మూడు నెలలు మానకుండా చేస్తే తేడా తెలుస్తుంది.

రేపల్లె నుంచి ప్యాసింజర్ రైల్లోనో, కాలేజీ బస్సులోనో రోజూ వచ్చేవాళ్లు ప్రయాణంలో మాక్ పెట్టుకోకండి. సిగ్నల్ పోతుంది, కాగితం మీద రాయడానికి వీలుండదు. నోటి లెక్కలకు, వకాబులరీకి ఆ సమయం వాడి, మాక్ మాత్రం బల్ల దగ్గర కూర్చుని గడియారం పెట్టి రాయండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మూడో సంవత్సరం మొదట్లో. నాలుగో ఏడాది డ్రైవ్‌లు మొదలయ్యాక చాప్టర్లు తెరిస్తే కోడింగ్, ఆప్టిట్యూడ్, ఇంటర్వ్యూ అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. మొదటి ఆరు నెలలు రోజుకు గంట చొప్పున చాప్టర్లు, తర్వాత వారానికి రెండు మాక్‌లు. బ్యాక్‌లాగ్‌లు ఉంటే ముందు అవి తీర్చండి. అర్హత దగ్గరే పేరు తీసేస్తే ఎంత ఆప్టిట్యూడ్ ఉన్నా ఉపయోగం లేదు. కోడింగ్‌ను పక్కన పెట్టకండి. టీసీఎస్ ఎన్‌క్యూటీలో నింజా స్థాయి ఆఫర్ కంటే పైన ఉన్న డిజిటల్, ప్రైమ్ స్థాయిలకు వెళ్లాలంటే అడ్వాన్స్‌డ్ సెక్షన్, కోడింగ్ రెండూ బాగా చేయాలి.

ఆఫర్ లెటర్ తర్వాత కూడా

2023 ఫిబ్రవరిలో విప్రో ఏడాదికి 6.5 లక్షల ఆఫర్ ఉన్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు ఒప్పుకుంటారా అని అడిగింది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో 300కు పైగా ట్రైనీలు అంతర్గత పరీక్ష మూడు ప్రయత్నాల్లోనూ పాస్ కాలేదని వెళ్లిపోవాల్సి వచ్చింది. వాళ్లూ ఎంపిక పరీక్ష దాటి వచ్చినవాళ్లే. కాబట్టి ఒక్క ఆఫర్ చేతికి రాగానే చదువు ఆపేయకండి, రెండో అవకాశం వదులుకోకండి. జాయినింగ్ తేదీ వచ్చేదాకా ప్రాక్టీస్ సాగనివ్వండి. బాండ్ షరతులుంటే సంతకానికి ముందే చదవండి.

డబ్బు కడితే ‘బ్యాక్‌డోర్’లో ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. మెయిల్ వచ్చిన చిరునామా, కంపెనీ డొమైన్, ప్లేస్‌మెంట్ ఆఫీసు మూడూ సరిచూసుకోండి. మంచి కంపెనీ ఫ్రెషర్ దగ్గర డిపాజిట్ అడగదు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. గడియారం పెట్టి ఒక మాక్ రాయండి, ప్రతి తప్పుకూ కారణం రాయండి, ఎక్కువసార్లు వచ్చిన కారణాన్ని వచ్చే నెల పనిగా పెట్టుకోండి. కాలేజీ క్లాసు చెప్పగలదు, మాక్ పెట్టగలదు. మీ తప్పు ఎక్కడుందో కనుక్కునే పని మాత్రం మీదే.